విపత్తు వెళ్ళిపోయాక మిగిలే శిథిలాలు, బురద, చెత్త: తరచుగా అడిగే ప్రశ్నలు

వరదో, భూకంపమో, తుఫానో వచ్చి వెళ్ళాక అందరికీ అవే డౌట్లు వస్తాయి, ఊరు మారినా దేశం మారినా ప్రశ్నలు పెద్దగా మారవు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది.

## మొదటి గంటలు, మొదటి రోజులు

ఇల్లు నిలబడే ఉంది కదా, లోపలికెళ్ళి సామాను తెచ్చుకోవచ్చా?

నిలబడి ఉన్నంత మాత్రాన నమ్మకండి. ముందు బయట నుంచే ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. పిల్లర్ల మీద ఏటవాలుగా గానీ ఇంటూ మార్కులా గానీ పగుళ్ళు ఉన్నా, పెచ్చులూడి లోపలి చువ్వలు వంగి కనపడుతున్నా, స్లాబు మధ్యలో కిందకి దిగినట్టున్నా, నిన్నటిదాకా ఈజీగా తెరుచుకున్న తలుపు ఇవాళ బిగుసుకుపోయినా ఇల్లు కదిలిందనే అర్థం. ఇంజనీర్ చూసి చెప్పేదాకా లోపలికి వెళ్ళొద్దు, భూకంపం అయితే ఇంకా ముఖ్యం, ఎందుకంటే మొదటిసారి తట్టుకున్న గోడ తర్వాత వచ్చే చిన్న ప్రకంపనకి పడిపోవచ్చు. వరదలో మట్టి గోడలు నీళ్ళున్నప్పుడు బాగానే కనిపించి నీళ్ళు దిగాక కూలుతుంటాయి. సెల్లార్‌లో నీళ్ళుంటే మోటార్ పెట్టి ఒక్కసారిగా తోడేయకండి. బయట మట్టి ఇంకా నానే ఉంటుంది, లోపల నీటి బరువు పోగానే ఆ ఒత్తిడికి గోడ లోపలికి పడిపోతుంది. రోజుకి మూడో వంతు చొప్పున తోడటం సేఫ్. గ్యాస్ వాసన వస్తే స్విచ్ కూడా ముట్టుకోకుండా వెనక్కి వచ్చేయండి.

శిథిలాల కింద మనుషులు ఉన్నారేమో, టీమ్ వచ్చేదాకా ఆగాలా, మేమే తవ్వాలా?

మొదటి గంటల్లో బతికి బయటపడేవాళ్ళలో ఎక్కువమందిని తీసేది పక్కింటివాళ్ళే, కాబట్టి చేతులు కట్టుకుని కూర్చోమని ఎవరూ చెప్పరు. కాకపోతే పద్ధతిగా చేయాలి. కుప్ప మీదకి పదిమంది ఎక్కితే ఆ బరువంతా కింద ఉన్న ఖాళీ మీద పడుతుంది, అందుకని ఇద్దరో ముగ్గురో మాత్రమే పైన ఉండి మిగతావాళ్ళు పక్కన లైన్‌గా నిలబడి తట్టలు అందుకోవాలి. పైనుంచి కిందకి తీయాలి, మధ్యలో కనపడిన చువ్వనో దూలాన్నో పట్టుకుని లాగకూడదు, అది దేన్ని ఆపుతోందో మనకి తెలీదు. కాసేపటికోసారి అందరూ నోరు మూసుకుని, ఇంజన్లు ఆపి, పిలిచి వినాలి. ప్రొఫెషనల్ టీములు కూడా చేసేది అదే. కాలో చెయ్యో చాలాసేపు బరువు కింద నలిగిపోయి ఉన్న మనిషిని డాక్టర్ గానీ మెడికల్ టీమ్ గానీ లేకుండా ఒక్కసారిగా వదిలించొద్దు, నలిగిన కండరం నుంచి విషపదార్థాలు రక్తంలోకి దూసుకొచ్చి గుండె, కిడ్నీలు దెబ్బతింటాయి. ఊపిరి ఆడని పరిస్థితో, నిప్పు దగ్గరికి వస్తున్న పరిస్థితో అయితే వేరే మాట. టీమ్ వచ్చాక మీరు ఇవ్వగలిగిన గొప్ప సాయం సమాచారం: ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఆ టైమ్‌కి ఏ గదిలో ఉండి ఉంటారు. వెతకడం ఆపేశాం అని అధికారికంగా చెప్పేదాకా పెద్ద మెషిన్ దించొద్దు.

కరెంటు పోయిందిగా, ఇంక షాక్ ఎక్కడ్నుంచి వస్తుంది?

చాలా చోట్ల నుంచి వస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో ఇంకా చార్జ్ మిగిలి ఉంటుంది, సోలార్ ప్యానెల్ విరిగిపోయినా ఎండ పడుతున్నంతసేపు కరెంటు తయారుచేస్తూనే ఉంటుంది, పక్కవీధిలో ఎవరో జనరేటర్‌ని తిన్నగా ఇంటి వైరింగ్‌కి తగిలిస్తే చచ్చిందనుకున్న లైనులోకి కరెంటు వెనక్కి వస్తుంది. పడిపోయిన చెట్టులో వైరు చిక్కుకుందేమో చూడకుండా గొడ్డలి వేయకండి. ఇంకోటి, జనరేటర్‌ని ఇంట్లో గానీ వరండాలో గానీ కిటికీ పక్కన గానీ పెట్టొద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

శవాల వల్ల అంటురోగాలు వస్తాయి, వెంటనే పూడ్చేయాలి అంటున్నారు, నిజమేనా?

ఇది పాత భయం. ప్రకృతి విపత్తులో చనిపోయినవాళ్ళు గాయాల వల్లో, మునిగిపోయో చనిపోతారు, రోగం వల్ల కాదు, ఆ శవాల నుంచి ఊరికి మహమ్మారి పాకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. కలరా, ఎబోలా లాంటివాటితో చనిపోయిన కేసులు మాత్రం వేరు. అసలు ప్రమాదం బతికున్నవాళ్ళ దగ్గరే ఉంటుంది, మురుగు కలిసిన నీళ్ళు, మరుగుదొడ్లు లేని శిబిరాల దగ్గర. కంగారుగా సామూహికంగా పూడ్చేస్తే ఎవరు ఎవరో తెలీకుండా పోతుంది, తర్వాత ఆ కుటుంబాలు కాగితాల కోసం, కర్మల కోసం ఏళ్ళ తరబడి ఇబ్బంది పడతాయి. చెత్త తీస్తుండగా మనిషి అవశేషం కనపడితే అక్కడితో ఆపండి, గుర్తు పెట్టి పోలీసులకి చెప్పండి, జరపొద్దు. చచ్చిన పశువుల్ని మాత్రం త్వరగా తీయించాలి, బావికీ కాలవకీ దూరంగా లోతుగా పూడ్చాలి.

## ఇంట్లో చెయ్యి పెట్టాక

ఏం వేసుకోవాలి? చేతికి గ్లవ్స్, మూతికి గుడ్డ సరిపోవా?

ముందు కాళ్ళ సంగతి చూసుకోండి. శిథిలాల్లో ఎక్కువగా జరిగేది మేకు దిగడమే. చెక్క పలక బురదలో బోర్లా పడి ఉంటుంది, పైకి తేలిన మేకు మీద ఒక పొర మట్టి, చెప్పుతో అడుగేస్తే సోల్ దాటి నేరుగా పాదంలోకి. గట్టి అడుగున్న బూట్లు లేకుండా దిగొద్దు, టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే దిగేముందే హెల్త్ క్యాంప్‌లో అడగండి. గుడ్డ కట్టుకుంటే పెద్ద దుమ్ము ఆగుతుందేమో గానీ సిమెంటు, ఇటుక నుంచి లేచే సన్నటి సిలికా ఆగదు, ఎన్95 లాంటి మాస్క్ ముక్కుకి బిగుతుగా ఉండాలి, గడ్డం ఉంటే సందులోంచి దుమ్ము వెళ్ళిపోతుంది. 2001లో న్యూయార్క్ ట్విన్ టవర్స్ కూలినప్పుడు ఆ దుమ్ములో పనిచేసినవాళ్ళలో వేలమందికి తర్వాత ఊపిరితిత్తుల జబ్బులు వచ్చాయి. దుమ్ము లేవకుండా ముందే కొంచెం నీళ్ళు చల్లుకోవడం మాస్క్ కంటే పెద్ద రక్షణ, పైసా ఖర్చు లేదు. వరద బురద అయితే ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, కాలికో చేతికో పుండు ఉంటే వాటర్‌ప్రూఫ్ పట్టీ వేసి దిగండి, తర్వాత రోజుల్లో జ్వరం, కండరాల నొప్పి వస్తే డాక్టర్‌కి "వరద నీళ్ళలో పనిచేశాను" అని మీరే చెప్పండి.

ముందు ఏది తీయాలి? ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కావట్లేదు.

మొదట ఏదీ తీయకండి, ఫోన్ తీయండి. ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి, గోడ మీద నీటి మట్టం గీతనీ, టీవీ ఫ్రిజ్‌ల వెనక ఉండే సీరియల్ నంబర్లనీ ఫోటో తీసుకోండి, నష్టపరిహారానికైనా ఇన్సూరెన్స్‌కైనా ఇదే ఆధారం. తర్వాత నీళ్ళు పీల్చే వస్తువులు బయటికి: పరుపులు, దిండ్లు, సోఫాలు, తివాచీలు. తడిసిన పరుపుని ఇద్దరు కూడా మోయలేరు, కత్తితో ముక్కలు చేసి తీయండి, నడుం పట్టేయదు. ఇరవైనాలుగు నుంచి నలభైఎనిమిది గంటల్లో బూజు మొదలవుతుంది కాబట్టి ఇవి లోపల ఉన్నంతసేపూ ఇల్లంతా చెడుతూనే ఉంటుంది. బురద తడిగా ఉండగానే పారతో తోసేయాలి, ఎండితే పలుగు కావాల్సి వస్తుంది.

అన్నీ ఒకే కుప్ప పోసేస్తే మున్సిపాలిటీ వాళ్ళే తర్వాత వేరు చేసుకుంటారు కదా?

చేసుకోరు. చేసుకోలేరు కూడా. ఇంతమందికి ఇన్నిసార్లు చెప్పినా ఎవరూ వినని మాట ఇదే, నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన జవాబు కూడా ఇదే. వస్తువు మీ చేతిలో ఉన్నప్పుడు దాన్ని ఎడమపక్క పెట్టాలా కుడిపక్క పెట్టాలా అన్నది ఒక్క సెకను పని, అదే ఒకసారి కుప్పలో పడి, మెషిన్ దాన్ని ఎత్తి లారీలో వేసి, ఇంకో కుప్ప మీద పోసి, దాని మీద వాన పడ్డాక కాంక్రీట్ ముక్కలో పరుపు దూది, దూదిలో గాజు, గాజులో పురుగుమందు కలిసిపోయి ఉంటాయి. అప్పుడు జల్లెడలు, బెల్టులు, మనుషులు పెట్టి వేరు చేయాలి, లేదంటే మొత్తాన్ని డంప్ యార్డ్‌లో పూడ్చాలి. శుభ్రంగా ఉన్న కాంక్రీట్‌ని రోడ్డు కింద వేసుకోవడానికి తీసుకెళ్ళేవాళ్ళు ఉంటారు, కలిసిపోయిన కుప్పని డబ్బులిచ్చినా ఎవరూ తీసుకోరు.

జపాన్‌లో హిగాషిమత్సుషిమా అనే చిన్న ఊరు ఉంది. 2003లో భూకంపం వచ్చినప్పుడు అన్నీ కలిపేసి చేతులు కాల్చుకున్నారు, అందుకని 2011 సునామీ తర్వాత మొదటినుంచీ రకాలవారీగా వేరు చేయించారు, చివర్లో చేత్తో ఏరే పనికి ఆ ఊరివాళ్ళనే జీతానికి పెట్టుకున్నారు. తొంభై శాతం పైగా శిథిలాలు మళ్ళీ వాడకంలోకి వెళ్ళాయి.

మీ ఇంటి ముందు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. ఇటుక-కాంక్రీట్-రాయి ఒకచోట, కలప-చెట్టు కొమ్మలు ఒకచోట, ఇనుము ఒకచోట, ఫ్రిజ్ టీవీ లాంటి కరెంటు వస్తువులు ఒకచోట, పరుపులు బట్టలు లాంటి తడి సామాను ఒకచోట, బురద విడిగా. ప్రమాదకరమైనవి (రసాయనాలు, బ్యాటరీలు, సిలిండర్లు, ఆస్బెస్టాస్) అన్నిటికీ దూరంగా. చోటు లేకపోతే కనీసం ఈ చివరివి వేరు చేయండి, మిగతా కుప్ప మొత్తం చెడకుండా ఉంటుంది. అట్టముక్క మీద మార్కర్‌తో రాసి పెట్టండి, పక్కవాడు చూసి అలాగే వేస్తాడు, ఈ విషయంలో జనం ఒకర్ని చూసి ఒకరు ఫాలో అవుతారు, మంచికైనా చెడ్డకైనా.

ఫ్రిజ్ నీళ్ళలో మునిగింది, కరెంటు లేక వారం అయింది, తెరిచి కడగాలా?

నీళ్ళలో మునిగిన ఫ్రిజ్ అయితే తెరవకండి, తలుపు చుట్టూ టేప్ గట్టిగా వేసి నిలువుగానే బయట పెట్టండి. 2005లో కత్రినా తుఫాను తర్వాత అమెరికాలో న్యూ ఆర్లీన్స్ వీధుల్లో టేప్ చుట్టిన ఫ్రిజ్‌లు వరసగా నిలబడి ఉండేవి, లోపల కుళ్ళిన మాంసం వాసనకి తెరిచినవాళ్ళు ఇంకోసారి తెరవలేదు. వెనక పైపుల్లో గ్యాస్ ఉంటుంది, రాగి కోసం వాటిని విరగ్గొట్టనివ్వకండి.

పైకప్పు సిమెంటు రేకులు పగిలి ఇల్లంతా ఉన్నాయి, ఊడ్చేయొచ్చా?

పాత రేకులైతే అందులో ఆస్బెస్టాస్ ఉందనే అనుకుని పని చేయండి. రేకు రేకులా ఉన్నంతసేపు పెద్ద ప్రమాదం లేదు, పగిలినప్పుడు, కోసినప్పుడు, పొడిగా ఊడ్చినప్పుడు కంటికి కనపడని పోగులు లేస్తాయి, అవి ఊపిరితిత్తుల్లో ఉండిపోయి ఎన్నో ఏళ్ళ తర్వాత క్యాన్సర్ తెస్తాయి. నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి చల్లండి, ముక్కల్ని ఇంకా చిన్నగా విరగ్గొట్టకుండా చేత్తో తీసి మందపాటి ప్లాస్టిక్‌లో రెండు పొరలు చుట్టండి, మీద రాయండి. ఆ రోజు వేసుకున్న బట్టలు ఇంట్లో దులపొద్దు. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకే రానివ్వొద్దు.

తడిసిపోయిన ఫోటోలు, సర్టిఫికెట్లు పారేయాల్సిందేనా?

అస్సలు వద్దు, ఇందులో చాలావరకు దక్కించుకోవచ్చు. ఆల్బమ్ ఇంకా తడిగా ఉంటే అదృష్టమే అనుకోండి, ఎండితే ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఇక విడిపోవు. ఒక టబ్‌లో చల్లటి మంచినీళ్ళు పోసి ఆల్బమ్ పేజీ పేజీగా అందులో ముంచండి, ఫోటో మూల మెల్లగా లేస్తుంది, అంచు మాత్రమే పట్టుకోండి, రంగు ఉన్నవైపు వేలు పెడితే మొహాలు చెరిగిపోతాయి, ఎందుకంటే తడిసిన పొర జిగురులా మెత్తబడి ఉంటుంది. బురద పోయాక బొమ్మ పైకి ఉండేలా గుడ్డ మీదో కాగితం మీదో నీడలో ఆరబెట్టండి, లేదా క్లిప్పులతో దండేనికి వేలాడదీయండి. ఎండలో పెడితే వంకర తిరుగుతాయి. ఇప్పుడు అంత టైమ్ లేదంటారా, రెండు మూడింటి మధ్య మైనం కాగితం పెట్టి కవర్లో వేసి ఎవరింట్లోనైనా డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి, బూజు ఆగిపోతుంది, నెలల తర్వాత తీసి తీరిగ్గా చేసుకోవచ్చు. కాగితాలకి కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. 2011 సునామీ తర్వాత జపాన్‌లో వాలంటీర్లు బురదలో దొరికిన లక్షల ఫోటోల్ని ఇలా కడిగి, ఆరబెట్టి, హాళ్ళలో వరసగా పెట్టారు, జనం వచ్చి తమవి వెతుక్కున్నారు. అందుకే చెత్త ఎత్తే టీములకి ఒక్కటే చెప్తాను, ఫోటో కనపడితే తట్టలో వేయకండి, పక్కన డబ్బా పెట్టుకోండి.

గోడలకి బూజు పట్టింది, బ్లీచింగ్ కొడితే పోతుందా?

పైపైన పోతుంది, తడి ఉంటే మళ్ళీ వస్తుంది. ముందు ఆరబెట్టడం, తర్వాత సబ్బు నీళ్ళతో రుద్దడం, ఆ తర్వాతే బ్లీచ్, అది కూడా ప్యాకెట్ మీద రాసిన మోతాదులో, కిటికీలన్నీ తెరిచి. టైల్స్, గాజు, లోహం లాంటి నీళ్ళు పీల్చనివాటికి ఇది సరిపోతుంది, ప్లైవుడ్, జిప్సం బోర్డు లోపలిదాకా పడితే కోసి తీసేయడం తప్ప మార్గం లేదు. బాత్రూమ్ యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ బ్లీచ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ఈ పని పక్కవాళ్ళకి అప్పజెప్పండి.

సిలిండర్లు, పురుగుమందు డబ్బాలు, బ్యాటరీలు దొరికాయి, ఏం చేయాలి?

సిలిండర్ ఖాళీదే అనిపించినా నిండుదే అనుకోండి, నీడలో నిలబెట్టి సప్లయర్‌కో ఫైర్ వాళ్ళకో చెప్పండి. లేబుల్ పోయిన డబ్బా మూత తీసి వాసన చూడొద్దు, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పోయొద్దు. ఉప్పునీళ్ళలో మునిగిన లిథియం బ్యాటరీలు, ముఖ్యంగా ఎలక్ట్రిక్ బండ్లవి, రోజులు వారాలు గడిచాక కూడా ఉన్నట్టుండి అంటుకుంటాయి, అందుకని ఇంటికీ మిగతా బండ్లకీ దూరంగా ఆరుబయట ఉంచాలి. యుద్ధం వల్ల కూలిన చోట అయితే పేలని గుండ్లు ఉంటాయి, గుర్తుపట్టలేని లోహపు వస్తువుని ముట్టుకోకుండా వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్ళండి.

## వీధిలో, ఊళ్ళో

కుప్ప ఎక్కడ పోయాలి? మా ఇంటి ముందు రోడ్డు మీద పెట్టొచ్చా?

పెట్టొచ్చు, రోడ్డు వారగా, అంబులెన్సూ ఫైరింజనూ వెళ్ళే దారి వదిలి. డ్రైనేజీ మూత మీద, కరెంటు తీగల కింద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, వాటర్ మీటర్ మీద, చెట్టు మొదట్లో వద్దు. మెషిన్ చేయి పైకి లేవాలి కదా, తీగలుంటే డ్రైవర్ ఆ కుప్పని వదిలేసి వెళ్ళిపోతాడు.

ఊరి బయట చెరువు గట్టునో వాగు పక్కనో పోసేస్తే పోదా?

పోదు, నీళ్ళతో పాటు తిరిగొస్తుంది. వాగులో పోసిన శిథిలం నీటి దారిని ఇరుకు చేస్తుంది, తర్వాతి వానకి అదే ఊళ్ళోకి వరద తెస్తుంది. తాత్కాలికంగా పోయడానికి చోటు చూసేటప్పుడు గట్టి నేల, లారీలు రెండు వైపులా తిరిగే దారి, ఇళ్ళకీ బావులకీ దూరం, ముంపు రాని ఎత్తు ఇవన్నీ చూడాలి, స్కూల్ గ్రౌండ్ ఖాళీగా ఉంది కదా అని పోస్తే పిల్లలకి బడి తెరవడం ఆలస్యమవుతుంది. ఇంకొకటి చాలామందికి తెలీదు: కలప, గడ్డి, చెత్త కలిసిన కుప్ప ఎత్తుగా పోస్తే లోపల కుళ్ళి వేడెక్కి ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది. 2011 తర్వాత జపాన్‌లో ఇలా కాలిపోతుంటే కుప్ప ఎత్తు 5 మీటర్లు దాటకూడదని, ఒక్కో కుప్ప 200 చదరపు మీటర్ల లోపే ఉండాలని, మధ్యలో ఖాళీ వదలాలని నిపుణులు చెప్పారు. కుప్ప మీద ఆవిరి లేస్తుంటే మంచు అనుకోకండి.

తగలబెడితే ఒక్కరోజులో అయిపోతుంది కదా?

అయిపోయేది కుప్ప మాత్రమే, పొగ మీ ఊళ్ళోనే ఉంటుంది. ప్లాస్టిక్ పైపులు, వైర్ల తొడుగులు కాలితే డయాక్సిన్లు అనే విషపదార్థాలు వస్తాయి, చెదలు పట్టకుండా మందు పెట్టిన కలపలో ఆర్సెనిక్ ఉండొచ్చు, కాల్చినా అది బూడిదలో ఉండిపోతుంది. తుఫానుకి పడిన పచ్చి చెట్లని కాల్చడం కంటే ముక్కలు చేసే మెషిన్‌లో వేసి తోటల్లో పరచుకోవడం మేలు.

మా ఊరి శిథిలాలు ఎంత ఉంటాయో లెక్కేయడం ఎలా? ఎన్నాళ్ళు పడుతుంది?

ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది. ఇంటి పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి అందులో మూడో వంతు తీసుకుంటే కూలిన శిథిలం సుమారుగా వస్తుంది. 10 మీటర్ల పొడవు, 8 వెడల్పు, 3 ఎత్తు అంటే 240 క్యూబిక్ మీటర్లు, శిథిలం 80 దాకా ఉంటుంది, 10 క్యూబిక్ మీటర్ల టిప్పర్‌కి ఎనిమిది ట్రిప్పులు. బరువు సంగతీ చూసుకోవాలి, ఇటుక కాంక్రీట్ అయితే టిప్పర్ నిండకముందే ఓవర్‌లోడ్ అయిపోతుంది. ఇళ్ళ సంఖ్యతో గుణించండి, కళ్ళు తిరుగుతాయి.

టైమ్ విషయానికొస్తే, ట్విన్ టవర్స్ దగ్గర సుమారు 18 లక్షల టన్నులు తీయడానికి 2002 మే దాకా పట్టింది, అదీ ఒకే చోట, డబ్బున్న నగరంలో. 2010 హైతీ భూకంపంలో కోటి క్యూబిక్ మీటర్ల శిథిలం అని అంచనా, ఇరుకు సందుల్లోకి లారీ వెళ్ళక చేతిబండ్లతో మోశారు, ఏళ్ళు పట్టింది. జపాన్‌లో 2011 సునామీ వల్ల సుమారు 2 కోట్ల టన్నుల శిథిలం, పైన ఇంకో కోటి టన్నుల సముద్రపు ఇసుక బురద వచ్చాయి, ఫుకుషిమాలో కొంత భాగం తప్ప మిగతాదంతా మూడేళ్ళలో, 2014 మార్చికి పూర్తి చేశారు. కాబట్టి నెలలో అయిపోతుంది అని ఎవరైనా మైకులో చెప్తే రోడ్లు తెరవడం గురించి చెప్తున్నారని అర్థం చేసుకోండి.

## మళ్ళీ వాడుకోవడం

పాత ఇటుకలు, చువ్వలు, దూలాలు కొత్త ఇంటికి వాడొచ్చా?

ఇటుకలైతే చాలావరకు వాడొచ్చు. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడ అయితే ఇటుక సుత్తితో తట్టగానే శుభ్రంగా విడిపోతుంది, సిమెంటుతో కట్టినది ఇటుకనే విరగ్గొడుతుంది. రెండు ఇటుకలు ఒకదానికొకటి తగిలించి చూడండి, ఖంగుమంటే మంచిది, మొద్దు శబ్దం వస్తే లోపల పగులు ఉందన్నమాట, దాన్ని నేల కిందకి వాడుకోండి. 2015 నేపాల్ భూకంపం తర్వాత కొండ ఊళ్ళలో జనం రాళ్ళూ దూలాలూ ఏరి పేర్చుకుని వాటితోనే మళ్ళీ కట్టుకున్నారు. చువ్వల విషయంలో మాత్రం ఆశ పడొద్దు. ఒకసారి బాగా వంగి, తిరిగి సాపు చేసిన చువ్వ పైకి బాగానే ఉన్నా సాగే గుణం పోతుంది, పిల్లర్‌లో బీములో వేస్తే మళ్ళీ భూకంపానికి తెగుతుంది, పాత ఇనుముకి అమ్మేయండి. కాలిన ఇంట్లో కాంక్రీట్ లేత గులాబీ రంగుకి తిరిగితే అది 300 డిగ్రీలు దాటి వేడెక్కిందని సూచన, ఆ భాగాన్ని ఇంజనీర్‌కి చూపించకుండా ఉంచుకోకండి.

ఇంత కాంక్రీట్ ఏం చేస్తారు అసలు?

క్రషర్‌లో వేసి కంకర చేస్తారు, చువ్వల్ని అయస్కాంతంతో లాగేస్తారు, ఆ కంకర రోడ్ల అడుగు పొరకీ, పునాదుల కింద నింపడానికీ వెళ్తుంది. సముద్రపు నీళ్ళలో నానినది స్లాబ్ కాంక్రీట్‌లో వాడకూడదు, ఉప్పు లోపలి ఇనుముని తినేస్తుంది. 2011 క్రైస్ట్‌చర్చ్ భూకంపం శిథిలాలతో న్యూజిలాండ్‌లో లిటిల్టన్ రేవుని సముద్రంలోకి పెంచుకున్నారు. బెర్లిన్‌లో టాయ్‌ఫెల్స్‌బెర్గ్ అనే కొండ మొత్తం రెండో ప్రపంచయుద్ధంలో కూలిన ఇళ్ళే, ఇప్పుడు దాని మీద చెట్లున్నాయి, జనం వాకింగ్‌కి వెళ్తారు. 2020లో బేరూట్ పేలుడుకి పగిలిన కిటికీ గాజుని కొంత లెబనాన్‌లోనే ఉన్న ట్రిపోలీ ఫ్యాక్టరీలకి పంపి కరిగించి కూజాలు, సీసాలు చేశారు. వీటన్నిటికీ ఒకటే షరతు, సరుకు కలవకుండా రావాలి.

వరద ఒండ్రు పొలానికి బలం అంటారు, ఉంచేయొచ్చా?

నది తెచ్చిన సన్నటి ఒండ్రు పలచగా ఉంటే దున్ని కలిపేయొచ్చు. మందంగా ఇసుక మేట వేస్తే తీయాల్సిందే, కలిపితే నేల నీళ్ళు పట్టదు. ఊరి మురుగో ఫ్యాక్టరీ ఆయిలో కలిసిన నీళ్ళు వచ్చి ఉంటే మట్టి టెస్ట్ చేయించకుండా తినే పంట వేయొద్దు. సముద్రపు నీళ్ళయితే ముందు మంచినీళ్ళు పెట్టి ఉప్పు కడిగి, ఆ నీళ్ళు బయటికి పోయే కాలవ చూసుకోవాలి.

## మనుషులు, డబ్బు, కాగితాలు

శిథిలాల్లో డబ్బు, బంగారం దొరికితే ఎవరిది?

దాచుకున్నవాళ్ళది. దొరికిన చోటు, టైమ్, ఫోటో, ఇద్దరు సాక్షులతో పోలీసులకి ఇచ్చి రసీదు తీసుకోండి, మీ మీద నింద పడకుండా ఉండటానికైనా ఇది అవసరం. జపాన్‌లో సునామీ తర్వాత వేల ఇనప్పెట్టెలు పోలీసులకి చేరాయి, చాలావాటి ఓనర్లని వెతికి ఇచ్చారు.

ఇల్లు కూల్చడానికి సంతకం పెట్టమంటున్నారు, పెట్టేయాలా?

పెట్టేముందు రాతపూర్వకంగా అడగండి: పునాది కూడా తీస్తారా, సెప్టిక్ ట్యాంక్ ఏం చేస్తారు, ఎప్పుడు వస్తారు, లోపలి సామాను తీసుకోడానికి ఎంత టైమ్ ఇస్తారు, ఇనుము కలప ఎవరికి చెందుతాయి, పరిహారం మీద దీని ప్రభావం ఉందా. స్థలం హద్దురాళ్ళు మెషిన్ రాకముందే ఫోటో తీసి కొలతలు రాసుకోండి, అన్నీ చదును చేశాక పక్కింటివాళ్ళతో గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

చెత్త ఎత్తే కాంట్రాక్టర్‌కి ఎలా లెక్క కట్టాలి? మోసం జరుగుతోందేమో అనిపిస్తోంది.

ట్రిప్పుకి ఇంత అంటే సగం నిండిన లారీలు తిరుగుతాయి, టన్నుకి ఇంత అంటే తడి బురద ముందు ఎక్కుతుంది, తేలికైన పరుపులు నెలల తరబడి వీధిలోనే ఉంటాయి. ఏ పద్ధతి పెట్టినా లోడ్ అయ్యేచోట ఒకరు, దింపేచోట ఒకరు చీటీ రాయాలి, రెండు చీటీలు సాయంత్రం కలిపి చూడాలి. చేతిపని ఎక్కువున్న చోట ఆ ఊరివాళ్ళకే కూలి ఇచ్చి చేయించడం మంచిది, 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచేలో అలాగే చేశారు, పని పోయినవాళ్ళ చేతికి డబ్బు ఆడింది. కాకపోతే బూట్లూ మాస్కులూ ఇవ్వకుండా కూలి మాత్రం ఇస్తే అది సాయం అవ్వదు.

మా అమ్మ ఏదీ పారేయనివ్వట్లేదు, కుప్ప దగ్గరే కూర్చుంటోంది, ఏం చేయాలి?

ఆవిడని లేపి పంపేయకండి. మనకి చెత్తగా కనపడేది ఆవిడకి ఇల్లు. ఒక కుర్చీ వేసి నీడలో కూర్చోబెట్టి, ప్రతి తట్టా ఒకసారి ఆవిడ ముందు నుంచి వెళ్ళేలా చూడండి, ఒక పెట్టె ఇచ్చి "ఇందులో పట్టేవి ఏవైనా ఉంచుకో అమ్మా" అనండి. పని కొంచెం లేటవుతుంది, అవనివ్వండి. బయటినుంచి వచ్చే వాలంటీర్లు కూడా ఇంటివాళ్ళ ముందు "ఈ చెత్తంతా" అనే మాట వాడకుండా ఉంటే బాగుంటుంది, "ఇది ఉంచమంటారా" అని అడిగితే చాలు.

అంతా ఎత్తేశారు, ఇక అయిపోయినట్టేనా?

ఇంకొన్ని పనులున్నాయి. నేల మీద మేకులు, గాజుపెంకులు మిగిలే ఉంటాయి, కర్రకి పెద్ద అయస్కాంతం కట్టి వీధంతా రెండు మూడుసార్లు తిప్పండి, లేకపోతే నెలల తరబడి టైర్లూ పాదాలూ పంక్చరవుతూనే ఉంటాయి. డ్రైనేజీలోకి దిగిన బురదని వాన రాకముందే తీయించండి. బావి మునిగి ఉంటే తోడి, క్లోరిన్ వేసి, నీళ్ళు టెస్ట్ చేయించేదాకా కాచి తాగడం కూడా సరిపోకపోవచ్చు, ఎందుకంటే మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఆయిలూ పురుగుమందూ పోవు. ఇల్లు కాలిపోయిన స్థలం అయితే బూడిదతో పాటు పైమట్టి కూడా కొన్ని అంగుళాలు తీయించాలి, బూడిదలో సీసం లాంటి లోహాలుంటాయి, అవి పోయేదాకా అక్కడ కూరమొక్కలు వేయకండి.